ఇల్లు దాటిన నీరు

కుళాయి గడపగడపకును వచ్చినది. అందు దిగిన నీరు వాడుక తీరిన పిదప ఏ దారిని పోవుచున్నది? ఎవరి వాకిట ఆగుచున్నది? దానిని శుద్ధిచేయుటకు పల్లెకు గల ఉపాయము లెట్టివి?

తెలవారుచుండగా ఓవర్‌హెడ్ ట్యాంకు కింద పంచాయతీ మనిషి వాల్వు తిప్పిన కొలది నిమిషములకే, ఊరిలోని కుళాయిలన్నియు ముందుగా గాలిని బుసకొట్టి, పిదప తుప్పురంగు నీటిని కొంత ఉమిసి, అటు తరువాత తేటధార కట్టును. ఆ ధారకై కాచియున్న వీధి యంతయు ఒక్కమారుగా మేలుకొనును. ఒక వాకిట బిందెలు నిండుచుండగా, పక్క వాకిట రాత్రి భోజనముల అంట్లగిన్నెలు చప్పుడు చేయుచుండును. వేరొక అరుగు చెంత సబ్బునురుగులో బట్టలు నలుగుచుండును. పాడి గల ఇంట గేదె వీపుమీద రబ్బరు గొట్టపు నీరు పారుచుండును. తల ఊడిపోయిన కుళాయి ఒకటి, కట్టువారు లేక, ఎవరికిని పట్టక, కారుచునే యుండును.

అరగంట గడచునంతలో ఆ నీళ్లన్నియు సిమెంటు రోడ్డు పక్కనున్న మురుగుకాల్వలోనికి చేరి, నురుగును, మెతుకులను, పేడను, పాలిథిన్ కవర్లను మోసికొనుచు, రామాలయము మూల తిరిగి, బడి ప్రహరిని ఒరసికొని, పల్లమునకు సాగును. ఊరి చివర ఒకచోట సిమెంటుకాల్వ హఠాత్తుగా ముగియును. దానికి మంజూరయిన డబ్బు అచ్చటికే సరిపోయినది. నీరు మాత్రము ఆగదు. అది దారిమీదను, దారి దాటి పల్లపు ఇండ్ల ముంగిళ్లలోను పరచుకొనును. ఆ ఇండ్లవారు ఖాళీ సిమెంటు సంచులలో మట్టి నింపి గుమ్మము ముందు కట్ట వేసికొని, వరుసగా పరచిన ఇటుకలమీద అడుగులు వేయుచు లోనికిని బయటికిని తిరుగుదురు.

“వదినా, మీ నీళ్లు మళ్లీ మా గుమ్మంలో కొచ్చాయి. కాస్త కుళాయి కట్టెయ్యరాదూ?”

“మా నీళ్లే కనపడ్డాయా నీకు? మా పైన ఇరవై ఇళ్లున్నాయి. వాళ్ల నీళ్లు ఎటు పోతున్నాయో అడుగు ముందు!”

ఈ తగవు తెలుగునాట ఏ పల్లెలోనైనను ఏ ఉదయమైనను వినవచ్చును. అడిగిన ఆమె బాధ సత్యము. బదులిచ్చిన ఆమె ప్రశ్నయు న్యాయము. పై ఇండ్ల నీళ్లు ఎటు పోవుచున్నవి? ఊరూరను వాడవాడను కుళాయిలు బిగించిన ఈ దశాబ్దిలో, ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసిన భారము ప్రభుత్వముమీదను, పంచాయతీమీదను, వాకిట నీరు వదలు ప్రతి గృహస్థుమీదను పడియున్నది.

కుళాయి వెంట వచ్చినది

2019 ఆగస్టు 15న జల్‌జీవన్ మిషన్ ప్రకటించునాటికి భారతదేశపు పల్లెలలో కుళాయి గల ఇండ్లు 3.23 కోట్లు మాత్రమే. నేడు ఆ సంఖ్య 15 కోట్లు దాటినది. మిగిలిన ఇండ్లకొరకు పథకమును 2028 వరకు పొడిగించుచున్నట్లు 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిరి. తెలంగాణములో అంతకుముందే, 2016 ఆగస్టు 7న గజ్వేల్ సమీపమున కోమటిబండవద్ద మిషన్ భగీరథను ప్రారంభించి, గ్రామీణులలో మనిషికి దినమునకు 100 లీటర్లు ఇచ్చుట లక్ష్యముగా పెట్టుకొనిరి. జల్‌జీవన్ మిషన్ కనీస ప్రమాణము 55 లీటర్లు. మైళ్లదూరము నడచి, చేదబావులచెంత వంతులు కాచి, నడుము వంగునట్లు బిందెలు మోసిన తరతరముల స్త్రీల శ్రమను తలంచినవారెవరును ఈ కార్యమును చిన్నచూపు చూడజాలరు.

అయితే ఇంటిలోనికి వచ్చిన నీటిలో త్రాగుటకును వంటకును పోవునది స్వల్పము. స్నానము, అంట్లు, బట్టలు, ఇల్లు కడుగుట అను వానికై వాడిన నీరు, అనగా మొత్తములో మూడింట రెండువంతులకు పైగా, వెంటనే ఇల్లు దాటి బయటికి వచ్చును. రెండువేల జనాభా గల ఊరికి మనిషికి 55 లీటర్ల చొప్పున దినమునకు 1,10,000 లీటర్లు ఇచ్చినచో, డెబ్బదివేల లీటర్లకు పైగా మురుగై తిరిగివచ్చునన్నమాట. అయిదువేల లీటర్ల ట్యాంకర్లు పదునాలుగింటిని ప్రతిదినము ఊరి నడుమ కుమ్మరించినను ఇంతియే యగును. నీటిని తెచ్చు గొట్టములకై పెట్టిన శ్రద్ధలో పదవవంతైనను, నీరు పోవు దారిమీద మనము పెట్టియుండలేదు.

పెరటి అరటి, కుడితి తొట్టి

పూర్వము ఈ సమస్య ఇంతగా లేకుండుటకు కారణము పెద్దల మహిమ యని కొందరు చెప్పుదురు. అందు కొంత సత్యము కలదు. బియ్యము కడిగిన నీరును, గంజియు, కూరల తొక్కులును కుడితి తొట్టిలో చేరి పశువుల కడుపులోనికి పోయెడివి. స్నానపు నీరు జలదారివెంట పెరటిలోని అరటి పాదులకును, కందకును, బొప్పాయి మొదటికిని పారెడిది. అంట్లు తోముటకు బూడిదయు కొబ్బరిపీచును, తల రుద్దుకొనుటకు కుంకుడురసమును వాడినందున, ఆ నీటిలో నేలకు పడనిది ఏదియు ఉండెడిది కాదు. మట్టియే వడపోత, అరటివేరే శుద్ధియంత్రము.

కాని ఆనాడు నీరు తక్కువగా పారినదన్నచో, దానిని తోడి తెచ్చు స్త్రీ భుజబలమునకు ఒక హద్దున్నందుననే. అంటరానివారని దూరముంచిన కుటుంబములకు ఊరిబావియందు చేద వేయు హక్కే లేకుండెను. అట్టి కాలమును మరల రమ్మని పిలుచుట యుక్తము కాదు. నేడు పెరడు కుంచించుకొని పోయినది. తండ్రి ఇంటిని ముగ్గురన్నదమ్ములు పంచుకొన్నపుడు అరటిచెట్టున్న చోట గది లేచినది. వాకిలి సిమెంటుతో మూసికొన్నది. పాడి తరిగి కుడితి తొట్టి కనుమరుగైనది. బూడిద స్థానమును డిటర్జెంటు పొడి ఆక్రమించినది. నీరు పెరిగినపుడే, దానిని పీల్చుకొను నేల తగ్గిపోయినది.

కాల్వ చేయు పని, చేయని పని

మురుగనగానే మన గ్రామసభలలో వినవచ్చు మొదటి కోరిక సైడుకాల్వ. ఎన్నికల వాగ్దానములలో సీసీ రోడ్డు పక్కన దానికి ఎల్లప్పుడును చోటుండును. అయితే కాల్వ నీటిని శుద్ధిచేయదు, స్థలము మార్చును. నాకిది ఈ వ్యవహారమంతటిలోను ప్రధానమైన సంగతిగా తోచుచున్నది. నా వాకిట లేనిది వేరొకరి వాకిట ఉన్నది. మా వీధి దాటినది ఊరిచెరువులో చేరినది. మా ఊరు దాటినది పొరుగూరి కాల్వలో కలిసినది.

నీరు పల్లమెరుగునని మనవారందురు. మన పల్లెలలో ఆ పల్లమున ఎవరున్నారో ఊరంతకును తెలియును. ఊరు కట్టుకొన్ననాడు మెరకభూమి ఎవరి పాలయ్యెనో, వాగు గట్టున, చెరువు కట్టకింద చోటు ఎవరికి మిగిలెనో జ్ఞప్తికి తెచ్చుకొన్నచో, మురుగుకాల్వ చివర ఏ వాడ యున్నదో వేరుగా చెప్పనక్కరలేదు. పైవీధివారు రోడ్డు పొడిగా నున్నదని సంతసించు దినముననే, దళితవాడలోని పసివాడు బడికి పోవుటకు చెప్పులు చేతబట్టుకొని బురద దాటుచుండును. ఇంజనీరు గీసిన వాలు ఎవరిమీదను పక్షపాతముతో గీసినది కాదు. కాని దాని ఫలితము మాత్రము నిష్పక్షపాతముగా లేదు.

కాల్వలో నిలిచిన నీటికి గాలి అందదు. గాలి గలచోట మాలిన్యమును తిని నీటిని తేటపరచు సూక్ష్మజీవులు, గాలి లేనిచోట బ్రతుకజాలవు. వేరొక జాతివి బయలుదేరి, కుళ్లిన కోడిగుడ్డు వాసనగల వాయువును వెలువరించును. కాల్వ అడుగున పూడిక పెరుగును. నెలకొకసారియో, అధికారి వచ్చునని తెలిసిన నాడో, పారిశుద్ధ్య కార్మికుడు పారతో ఆ పూడికను తీసి గట్టుమీదనే పోయును. దానిని ఎత్తివేయు బండికి డబ్బుండదు. మొదటి వాన కురియగానే అది తిరిగి కాల్వలోనికే జారును. ఆ కార్మికుని చేతికి తొడుగులుండవు. అతని జీతము నెలల తరబడి నిలిచిపోవుటయు అరుదు కాదు. ఈ చక్రభ్రమణమునకు ఏటేట పంచాయతీ పద్దులో కొంత వ్యయము పడుచునే యుండును.

> పెట్టె: ఏ దోమకు ఏ నీరు?
>
> దోమలన్నియు మురుగులోనే పుట్టునని పలువురు భావింతురు. మురుగునీటియందు గ్రుడ్లు పెట్టి, బోదకాలు వ్యాధిని మోయునది క్యూలెక్స్ జాతి. డెంగీని మోయు ఏడిస్ దోమకు కావలసినది తేటనీరు: మూతలేని డ్రమ్ము, పూలకుండీ, పాత టైరు. మలేరియాను మోయు అనాఫిలీస్ జాతులలో చాలభాగము కూడ మురుగునకు దూరముగనే యుండును.
>
> దోమలోపల బోదకాలు క్రిమి పెరుగుటను పాట్రిక్ మాన్సన్ 1877లో చైనాలోని అమోయ్ రేవుపట్టణమున గుర్తించెను. మలేరియా క్రిమిని దోమలో కనుగొన్నది మన సికింద్రాబాదులోనే: 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్.
>
> భారతదేశము జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమమును 1955లో ప్రారంభించినది. బోదకాలు నిర్మూలనకు ఇప్పుడు పెట్టుకొన్న గడువు 2027.

నాందేడు గుంత

మన ఆదిలాబాదు, నిజామాబాదు సీమలను ఆనుకొని, 1956 వరకు హైదరాబాదు రాజ్యముననే యుండిన నాందేడు జిల్లా, మహారాష్ట్రమునందు నీటి ఎద్దడికి పేరుపడిన మరాఠ్వాడాలోనిది. అచ్చటి టెంభుర్ణి యను చిన్న గ్రామమున, వీధులలో పారు మురుగుతోడను దోమలతోడను విసిగినవారు, కాల్వ తవ్వుటకు మారుగా ప్రతి ఇంటి ముందును ఒక గుంత తవ్విరి. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు, నడుమ చిల్లులు పొడిచిన సిమెంటు గొట్టము, చుట్టును రాతిముక్కలు, పైన మూత. ఇంటి నీరు గొట్టములోనికి దిగి, తేలికది తేలుచు, బరువైనది అడుగంటుచు, చిల్లులగుండ రాళ్లలోనికిని, రాళ్లలోనుండి మట్టిలోనికిని ఇంకును. కొలది కాలములో ఊరి మురుగుకాల్వలు ఎండిపోయినవి, దోమలు తగ్గినవి. ఈ పద్ధతికి ‘నాందేడు నమూనా’ యను పేరు వచ్చి, ఉపాధి హామీ పథకముక్రింద ఊరినుండి ఊరికి ప్రాకినది.

మనిషికి 55 లీటర్ల లెక్కన, అయిదుగురున్న ఇంటినుండి దినమునకు వెలువడు మురుగు రెండువందల లీటర్లకు లోపు. ఆ గుంత ఘనపరిమాణము పదునెనిమిది వందల లీటర్లు. రాళ్లు ఆక్రమించిన చోటును తీసివేసినను, తగిన నేలలో ఇంటి నీరంతయు అందు ఇమిడిపోవుట సాధ్యమే. సిద్దిపేట జిల్లాలోని ఇబ్రహీంపూర్ దీనికి మన ప్రాంతపు నిదర్శనము. ఇంటింటికి ఇంకుడుగుంత తవ్వి, వీధి మురుగును మాయముచేసిన ఆ గ్రామమును చూచిపోవుటకు పొరుగుజిల్లాల సర్పంచులును అధికారులును వరుసలు కట్టిరి. అచ్చట నన్ను మిక్కిలి ఆకర్షించు విషయము గుంత కాదు, అందరును ఒప్పుకొనుట. పదిమంది తవ్వి పదకొండవవాడు తవ్వకున్నచో వీధి పొడిబారదు. పల్లెలో పారిశుద్ధ్యము ఒక్కని పుణ్యముగా ఎన్నటికిని సాధ్యపడదు.

గుంత తవ్వుట ఒకనాటి పని. దానిని నిలుపుకొనుట ఏటేట పని. నీరు గుంతలోనికి దిగుటకు ముందు ఒక చిన్న తొట్టి గాని, జల్లెడ గాని యుండి, అందులో చిక్కిన మెతుకులను, వెంట్రుకలను, నూనెజిడ్డును వారమునకొకసారి తీసివేయవలయును. ఆ పని చేయుచున్నది దాదాపు ప్రతి ఇంటను ఇల్లాలే. శంకుస్థాపన ఫొటోలలో ఆమె కానరాదు. గుంత బ్రతికియున్నదన్న, కారణము మాత్రము ఆమెయే. జిడ్డు లోనికి పోనిచ్చినచో రాళ్లకు మడ్డి పట్టి, రెండు మూడేండ్లలో గుంత నోరు మూసికొనును. అపుడు రాళ్లు పైకితీసి కడిగి తిరిగి పేర్చవలయును. లక్ష్యము చూపవలెనను తొందరలో, రాళ్లు వేయక, మూత బిగించి, పలకమీద పథకము పేరు వ్రాసి వదలిపెట్టిన గుంతలను గూర్చి పల్లెలు తిరుగు వారెల్లరును చెప్పుచునే యున్నారు. 2021 ఆగస్టు 25న కేంద్రప్రభుత్వము ‘సుజలాం’ పేర నూరు దినములలో పది లక్షల గుంతలు తవ్వింప సంకల్పించెను. సంకల్పము ఘనమైనదే; లెక్కింపవలసినది మాత్రము నూరవనాటి గుంతలను కాదు, మూడవయేట నీరు ఇంకించుచున్న గుంతలను.

గుంత నొల్లని నేల

ఏ ఊరి ఔషధము ఆ ఊరిది. తెలంగాణపు ఎర్రనేలలలోను, చల్కలలోను ఇంకుడుగుంత చక్కగా పనిచేయును. నల్లరేగడిలో అది సంశయాస్పదము. తడిసిన రేగడి ఉబ్బి రంధ్రములు మూసికొనును, నీరు పైకి పొరలును. రాయలసీమలో పలుచోట్ల మూడడుగులు తవ్వునప్పటికే రాయి తగులును. గోదావరి, కృష్ణా డెల్టాలలో, విశేషించి కోనసీమలో, వానకాలమున నేలలోని నీరు చేయి చాచిన అందునంత పైకి వచ్చును. అట్టిచోట గుంత తవ్వుట యనగా మురుగును నేరుగా చేతిపంపు నోటికి అందించుటయే. గుంత అడుగునకును భూగర్భజలమునకును నడుమ కనీసము రెండు మీటర్ల పొడినేల యుండవలెనని నియమము. హైదరాబాదులోనో అమరావతిలోనో కూర్చుండి రాష్ట్రమంతకును ఒకే కొలత గుంతను నిర్ణయించువారు ఈ భేదమును విస్మరింపరాదు.

జమ్ము, గులకరాయి, ఎండ

గుంత కుదరనిచోట ఊరి నీటినంతటిని ఒక చోటికి చేర్చి శుద్ధిచేయక తప్పదు. దానికి నగరములలోని వలె పెద్ద యంత్రములు, ఎడతెగని విద్యుత్తు అక్కరలేదు. 1950 ప్రాంతమున జర్మనీలో కేటె సైడెల్ అను వృక్షశాస్త్రజ్ఞురాలు, నీటిగట్టున మొలచు తుంగజాతి మొక్కలు మురికినీటిని తేటపరచునని ప్రయోగములు చేసి చూపెను. ఇంజనీర్లు ఆమె మాటను చాలకాలము లక్ష్యపెట్టలేదు. ఆమె మాత్రము మానలేదు. గులకరాళ్లతో నింపిన వెడల్పైన తొట్టెలో మొక్కలు నాటి, మురుగును రాళ్ల నడుమ మెల్లగా పారించు ఈ పద్ధతి నేడు ప్రపంచమంతటను చిన్నచిన్న ఊళ్లకు శరణ్యముగా నున్నది. రాళ్లకు అంటుకొని పెరుగు సూక్ష్మజీవులు మాలిన్యమును తినును. వేళ్లు వానికి కొంత గాలిని అందించి, నత్రజని, భాస్వరములలో కొంత భాగమును పీల్చుకొనును.

ఈ మొక్కలు మనకు క్రొత్తవి కావు. చెరువు చెంత పెరుగు జమ్ము, తోటలలో ఎర్రగా పూయు మెట్టతామర, చాపల తుంగ, వట్టివేరు, అన్నియు ఈ పనికి అక్కరకు వచ్చునవే. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధనసంస్థ శాస్త్రజ్ఞులు రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలములోని కొత్తపల్లిలో, ఊరి మురుగు బయటికి పారుచోట జమ్ము, మెట్టతామరలతో ఇట్టి మడినే కట్టి, శుద్ధియైన నీటిని పొలములకు అందించిరి. ఊరి చివర ముక్కు మూసికొని దాటవలసిన చోట పూలమడి యుండుట అసాధ్యము కాదని అది చూపినది.

ఎండయు మనకు గల మరియొక సంపద. మూడు నాలుగడుగుల లోతున వెడల్పైన చెరువులో మురుగును కొన్నాళ్లు నిలిపినచో, సూర్యరశ్మిలో నాచు పెరిగి నీటికి ప్రాణవాయువు నిచ్చును. దానితో సూక్ష్మజీవులు మాలిన్యమును జీర్ణించుకొనును. తీక్ష్ణమైన ఎండకు రోగక్రిములు నశించును. శీతలదేశములవారు డబ్బు పోసి కొనవలసిన ఈ శక్తి మన ఆకాశమున ఏడాదిలో పదినెలలు ఊరక దొరకుచున్నది. చిక్కు స్థలము దగ్గరనే. ఊరి కుంట ఏనాడో ఆక్రమణలకు గురియై, మిగిలిన కొంచెము గుర్రపుడెక్క కప్పుకొని పోయినచోట, చెరువు ఎచ్చట తవ్వగలరు? మురుగుశుద్ధి ప్రశ్న చివరకు ఊరుమ్మడి భూమి ప్రశ్నగా మారు చోటు ఇదియే.

సీచేవాల్ సాధువు

పంజాబులో జలంధరు జిల్లాలోని సీచేవాల్ గ్రామపు సంతు బల్బీర్ సింగ్ కథ ఇచ్చట చెప్పదగినది. గురునానకు జ్ఞానోదయముతో సిక్కులు ముడిపెట్టుకొన్న కాలీ బేయీ, 160 కిలోమీటర్ల పొడవున పారి బియాస్‌లో కలియు ఏరు, గట్టునున్న ఊళ్ల మురుగునంతయు మింగి, గుర్రపుడెక్కతో పూడి, పేరునకు మాత్రము పవిత్రమై యుండెను. 2000వ సంవత్సరము జులైలో ఆయన తానే నీటిలో దిగి కలుపు పీకనారంభించెను. చూచినవారు గడ్డపారలు, తట్టలు పట్టుకొని వెంట దిగిరి. కాని ఏటిని ఎంత కడిగినను, ఊళ్లు మురుగు వదలుచున్నంతకాలము అది వ్యర్థమని ఆయన త్వరలోనే గ్రహించెను. ఊరిలో భూగర్భ గొట్టములు వేసి, మురుగును వరుసగా కట్టిన బావులలో సుడి తిప్పి, బరువైనదానిని అడుగునకును జిడ్డును పైకిని వేరుచేసి, ఆ మీదట చెరువులో నిలిపి, తేటయైన పిదప మోటారుతో పొలములకు ఎక్కించు పద్ధతిని తన గ్రామముననే నెలకొల్పెను.

రాష్ట్రపతిగా నుండిన ఎ.పి.జె. అబ్దుల్ కలాం 2006లో అచ్చటికి వెళ్లి ఆ పనిని కన్నులార చూచివచ్చెను. 2017లో సంతుకు పద్మశ్రీ వచ్చినది. 2022లో ఆయన రాజ్యసభకు ఎన్నికయ్యెను. రైతులకు ఆ నీటిలో లాభము కనబడినందుననే ఈ పద్ధతి నిలిచినది. అందు గల నత్రజని, భాస్వరములు పైరునకు ఆహారము, ఎరువు ఖర్చు కొంత తగ్గును. ఒక్క హెచ్చరిక అవసరము: ఇట్టి నీటిని వరి, పశుగ్రాసము, చెట్లజాతి పంటలకు పారించవచ్చును గాని, పచ్చిగా తిను కూరగాయలకు పారించుట క్షేమము కాదు.

> పెట్టె: డబ్బు ఎంత, ఎచ్చట?
>
> స్వచ్ఛభారత్ గ్రామీణ రెండవ దశ నిబంధనలమేరకు మురుగునీటి నిర్వహణకు అయిదువేల లోపు జనాభా గల ఊరికి తలకు 280 రూపాయలవరకును, అంతకు మించిన ఊరికి తలకు 660 రూపాయలవరకును వెచ్చింపవచ్చును. రెండువేల జనాభాకు ఇది 5,60,000 రూపాయలు.
>
> 15వ ఆర్థికసంఘము గ్రామీణ స్థానికసంస్థలకిచ్చిన నిధులలో 60 శాతము షరతులతో కూడినవి: సగము త్రాగునీటికి, సగము పారిశుద్ధ్యమునకు.
>
> ఇంకుడుగుంతలకు ఉపాధి హామీ పథకమునుండి కూలియు సామగ్రియు పొందు వీలును కల్పించిరి.

గొయ్యి దిగువాడు

ఇంతవరకు చెప్పినది స్నానపు నీటిని, వంటింటి నీటిని గూర్చి. మరుగుదొడ్డి నీరు వేరు. అది ఎన్నడును వీధికాల్వలోనికి గాని, ఇంకుడుగుంతలోనికి గాని పోరాదు. సులభ్ పారిశుద్ధ్య సంస్థ స్థాపకుడు బిందేశ్వర్ పాఠక్ 1970 నుండి ప్రచారము చేసిన జంటగుంతల మరుగుదొడ్డిలో, ఒక గుంత నిండినపుడు రెండవదానికి మరలించుదురు. మూసియుంచిన గుంతలోనిది ఏడాదికి పైబడి మగ్గి వాసనలేని ఎరువగును. 2017 ఫిబ్రవరిలో వరంగల్లు ప్రాంతపు గంగదేవిపల్లిలో, కేంద్ర పారిశుద్ధ్యశాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయముగా అట్టి గుంతలో దిగి, ఆ ఎరువును చేతులతో ఎత్తి చూపెను. పలు రాష్ట్రముల అధికారులు ఆ దృశ్యమును చూచిరి. అట్టి ఎరువును ముట్టుట అపవిత్రము కాదని చాటుటకు ఉన్నతోద్యోగి ఒకడు గుంతలో దిగవలసివచ్చుటయే, ఈ విషయమున మన మనస్సులలో పాతుకొన్న సంకోచమెంతటిదో తెలుపును.

అయినను ఊళ్లలో పలువురు జంటగుంతలను కాదని, మేస్త్రి మాటపై లోతైన ఒంటి ట్యాంకు కట్టించుకొనిరి. పెద్దదైనచో జీవితకాలము నిండదని నమ్మిరి. అవి నిండుచున్నవి. నిండినవానిని పీల్చుకొను లారీ రాత్రివేళ వాగులోనో, చెరువు వెనుకనో ఒలకబోసి పోవుచున్నది. లారీ అందనిచోట మనిషినే దింపుచున్నారు. ట్యాంకులోని విషవాయువు ఎంత బలిష్ఠుడైనను క్షణములలో స్పృహ తప్పించును. అతనిని లాగబోయి దిగిన అన్నయో, బావమరిదియో వెంటనే పోవును. 2013 చట్టము రక్షణ సాధనములు లేక మనిషిని సెప్టిక్ ట్యాంకులోనికి దింపుటను నేరముగా నిషేధించినది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇట్టి మరణములకు పరిహారమును 30 లక్షల రూపాయలకు పెంచినది. కోలారు బంగారు గనులలో తెలుగు దళిత కుటుంబమున పుట్టి, ఈ వృత్తి నిర్మూలనకే జీవితము ధారపోసి, 2016లో మెగసెసే బహుమానము నందిన బెజవాడ విల్సన్ ఏండ్లతరబడి అడుగుచున్నదియు ఇదియే: యంత్రమునకు డబ్బు లేదనువారు మనిషిని దింపుటకు ఎట్లు సాహసించుచున్నారు? ట్యాంకు కట్టించుకొను ప్రతి గృహస్థుడు, అది నిండిననాడు ఏ లారీ వచ్చును, అది ఎచ్చట ఖాళీయగును అను రెండు విషయములను, పునాది తవ్వకముందే తెలిసికొనవలయును. మూడు నాలుగు మండలములకొక మలశుద్ధి కేంద్రము లేనిచో ఈ లారీలకు పోవు చోటు ఉండదు. అట్టి కేంద్రము 2015లోనే బెంగళూరు చెంత దేవనహళ్లిలో వెలసి, చిన్న ఊళ్లకును ఇది సాధ్యమేనని చూపినది.

దిగువ గ్రామము

డెల్టాలో ఈ విచారము మరింత తీవ్రము. 1852లో ధవళేశ్వరముచెంత గోదావరిపై ఇంజనీరు కాటన్ కట్టించిన ఆనకట్టనుండి బయలుదేరిన కాల్వలే నేటికిని వందలాది గ్రామముల త్రాగునీటి చెరువులను నింపుచున్నవి. వేసవిలో కాల్వలు కట్టివేయుటకు ముందు ఊరూర ఆ చెరువులను నిండుగా పట్టుకొని, కాల్వ తిరిగి వచ్చువరకు ఆ నీటినే వడగట్టి కుళాయిలకు వదలుదురు. ఆ కాల్వగట్టుననే ఎగువ గ్రామపు ఇండ్లు వరుసగా నున్నవి. వాని మురుగుగొట్టముల నోళ్లు కాల్వలోనికే తెరచియున్నవి. కొన్నింటి మరుగుదొడ్డి గొట్టములును అందులోనికే. ఎగువవాడు వదలిన దానిని దిగువవాడు త్రాగుచున్నాడు. ఆ దిగువవాడే తన కింది ఊరికి ఎగువవాడు.

ఇచ్చట ఇంకుడుగుంత పనికిరాదని ముందే చెప్పితిని. కాల్వగట్టునకు సమాంతరముగా ఒక గొట్టపువరుస వేసి, ఇండ్ల మురుగునంతటిని అందులోనికి మరలించి, ఊరి దిగువన జమ్ముమడికి గాని ఎండచెరువునకు గాని చేర్చి, అందు తేరిన నీటిని త్రాగునీటి కాల్వలోనికి కాక మురుగుకోడులోనికి వదలుట ఒక్కటే దారి. ఇది ఒక్క పంచాయతీ చేయగల పని కాదు; నీటిపారుదల శాఖ, గ్రామీణ నీటిసరఫరా శాఖ, కాల్వవెంట గల పంచాయతీలన్నియు కలిసి కూర్చుండవలయును. అంతవరకు, కనీసము వేసవి చెరువులు నింపు ఆ కొలది దినములలోనైనను, ఎగువ గ్రామములు కాల్వలోనికి తెరచిన గొట్టముల నోళ్లను మూసి, మరుగుదొడ్డి గొట్టములు గలవారికి నోటీసులిచ్చి తొలగింపజేయవలయును. దీనికి క్రొత్త చట్టము గాని, క్రొత్త పథకము గాని అక్కరలేదు. ఏప్రిల్‌లో కాల్వలు కట్టివేయుటకు ముందు జరుగు గ్రామసభలో, నీటిసంఘమువారిని కూడ పిలిచి, ఈ ఒక్క తీర్మానమును చేసినచో చాలును.